మోటారు బండికి కొత్త రేడియేటరు

మే నెలలో మధ్యాహ్నము రెండు గంటల వేళ తార్నాక కూడలిలో కాసేపు నిలబడి చూచినట్లయితే, ఆగి ఉన్న వాహనాల వరుసలో అప్పుడప్పుడు ఏదో ఒక పెద్ద బండి బానెట్టు సందులలో నుంచి తెల్లని ఆవిరి లేవడము కనిపిస్తుంది. డ్రైవరు బండిని పక్కకు తీసి బానెట్టు ఎత్తుతాడు. చుట్టూ చేరినవారిలో ఒకరు నీళ్ళ సీసా అందిస్తారు. మరొకరు రేడియేటరు మూత విప్పి చూడమంటారు. ఈ రెండవ సలహాను పాటిస్తే ముఖము, చేతులు కాలవచ్చు. మొదటి సలహా అంత ప్రమాదకరముగా కనిపించదు. కాని ఆ సీసాలో ఉన్నది బోరుబావి నీరు అయితే, అటువంటి సాయము నెలల తరబడి జరుగుతూ ఉంటే, బండికి రేపు వేయబోయే కొత్త రేడియేటరు కూడ పాతదాని దారినే పోతుంది. ఇలా ఎందుకు జరుగుతుందో తెలిసికొనడానికి ఉన్నత పాఠశాలలో చెప్పే ఉష్ణశాస్త్రము, కాస్త రసాయనశాస్త్రము చాలును.

జీపు సంతతికి చెందిన ఎత్తైన బండ్లను నేడు ఎస్.యు.వి.లు అంటున్నారు. మన దేశములో 1994లో సుమో, 2002లో స్కార్పియో వచ్చిన తరువాత ఇటువంటివి ఊరూరా కనిపిస్తున్నవి. ఇవి బరువైనవి. ముందు భాగము వెడల్పుగా, నిటారుగా ఉండడము చేత గాలిని చీల్చుకొని పోవడానికి ఎక్కువ శక్తి కావాలి. అనగా ఎక్కువ ఇంధనము మండాలి, దానితోపాటు ఎక్కువ వేడి పుట్టాలి.

ఈ వేడి ఎంత? ఒక లీటరు డీజిలు మండితే సుమారు 36 మెగాజౌళ్ళ ఉష్ణము వెలువడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోతూ లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే బండి గంటకు 5 లీటర్లు తాగుతుంది. అంటే 180 మెగాజౌళ్ళు. దీనిని 3,600 సెకండ్లతో భాగిస్తే 50 కిలోవాట్లు వస్తుంది. ఇందులో మూడవ వంతు, మంచి డీజిలు ఇంజనులో అంతకు కొంచెము ఎక్కువ, చక్రాలను తిప్పే పనిగా మారుతుంది. దాదాపు అంతే భాగము పొగగొట్టము గుండా పోతుంది. మిగిలినది, సుమారు 15 కిలోవాట్లు అనుకుందాము, ఇంజను గోడల నుంచి నీటిలోకి వచ్చి చేరుతుంది. మన ఇండ్లలోని స్నానాల గీజరు సాధారణముగా 2 కిలోవాట్లది. ఏడెనిమిది గీజర్లు ఒకేసారి పని చేస్తూ ఉంటే నీరు ఎంత వేడెక్కుతుందో, ఆ బండి బానెట్టు కింద ఎల్లవేళలా అంత వేడి నీటిలోకి దిగుతున్నది. నీరు ఎనిమిది లీటర్లే. ఆ వేడిని ఎప్పటికప్పుడు బయటికి తోసివేయకపోతే కొద్ది నిమిషాలలోనే నీరు మరిగిపోవలె.

అలా తోసివేసే సాధనమే రేడియేటరు. ఇంజనులో వేడెక్కిన నీరు పై గొట్టము ద్వారా దీనిలోకి వచ్చి, సన్నని నాళాల గుండా పారి, చల్లబడి, కింది గొట్టము ద్వారా మళ్ళీ ఇంజనుకు చేరుతుంది. నాళాలకు అతికిన పలుచని రేకుల మధ్య నుంచి గాలి దూసుకొని పోతుంది. నీటిని తిప్పడానికి ఒక పంపు, గాలిని లాగడానికి ఒక ఫ్యాను ఉంటవి.

ఈ సాధనము పేరే విద్యార్థులను తప్పుదారి పట్టిస్తుంది. రేడియేటరు అన్నమాటకు వికిరణము చేసేది అని అర్థము. నిజానికి ఇది వికిరణము ద్వారా చేసే పని చాలా స్వల్పము. కావలసినవారు లెక్క వేసి చూడవచ్చును. నీరు 90 డిగ్రీల సెంటీగ్రేడులో, బయటి గాలి 40 డిగ్రీలలో ఉన్నవనుకుందాము. పరమమానములో ఇవి 363, 313. స్టీఫాన్ సూత్రము ప్రకారము చదరపు మీటరు నల్లని తలము నుంచి నికరముగా వెలువడే వికిరణము దాదాపు 440 వాట్లు. రేడియేటరు ముందు, వెనుక ముఖాలు రెండూ కలిపి 0.6 చదరపు మీటరు అనుకుంటే 260 వాట్లు. లోపలి రేకులు ఎన్ని ఉన్నా ఒకదానికొకటి ఎదురుగా నిలిచి, ఒకటి పంపిన వికిరణాన్ని మరొకటి పుచ్చుకొంటవి కాబట్టి వాటి లెక్క రాదు. మనము వదిలించుకోవలసినది 15,000 వాట్లు. వికిరణము పాలు రెండు శాతమైనా లేదు! మిగిలినదంతా గాలి మోసుకొని పోవలసినదే. 15 కిలోవాట్ల వేడిని పుచ్చుకొని గాలి 20 డిగ్రీలు మాత్రమే వేడెక్కాలంటే, సెకండుకు ముప్పావు కిలోగ్రాము గాలి, అనగా సుమారు 700 లీటర్లు, ఆ రేకుల మధ్యగా పోవాలి.

దీనినిబట్టి తార్నాక కూడలి సంగతి అర్థమవుతుంది. ఆర్ట్స్ కళాశాల ముందు నుంచి విశ్వవిద్యాలయపు చెట్ల నీడల రోడ్డు మీద వచ్చినంతసేపు బండి వేగమే గాలిని లోపలికి నెడుతుంది. కూడలిలో ఆగగానే ఆ గాలి ఆగిపోతుంది. పుట్టే వేడి తగ్గుతుంది, నిజమే. కాని గాలి అంతకంటె ఎక్కువగా తగ్గుతుంది. ఇంజను తిప్పే ఫ్యాను అయితే, ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు అదికూడ మెల్లగానే తిరుగుతుంది. చుట్టూ ఉన్న బండ్లు విడిచిన వేడి గాలి, కాలిన రోడ్డు మీది గాలి ఉండనే ఉన్నవి. పైగా ఏ.సి. వేసుకొని కూర్చుంటే, దాని వేడిని వదిలే జాలకము రేడియేటరుకు ముందే ఉంటుంది. అక్కడ ఒకసారి వేడెక్కిన గాలినే రేడియేటరు పుచ్చుకోవాలి. ఆరోగ్యముగా ఉన్న రేడియేటరు ఇదంతా తట్టుకొంటుంది. సగము నాళాలు పూడిపోయినది రోడ్డు మీద ఎలాగో నెట్టుకొని వచ్చి, కూడలిలో చేతులెత్తివేస్తుంది.

పలుచని గోడ, విశాలమైన తలము అన్న ఈ రెండు సూత్రాలను మోటారు బండిలో మొదట బాగా ప్రయోగించినవాడు జర్మనీ దేశస్థుడు విల్‌హెల్మ్ మేబాఖ్. 1900లో ఆయన తయారు చేసిన మెర్సిడిస్ కారు రేడియేటరులో 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 ఉండేవి. తేనెపట్టువలె కనిపించే ఆ అమరిక వచ్చిన తరువాతనే బండ్లకు పెద్ద నీటితొట్లు మోసుకొనిపోయే అవసరము తప్పింది.

ఇక పీడనము సంగతి. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైచిలుకు ఎత్తున ఉన్నది. అందుచేత ఇక్కడ మూత లేని పాత్రలో నీరు 100 డిగ్రీలకు కాక 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఇంజను సుఖముగా పని చేసే ఉష్ణోగ్రత 85 నుంచి 100 డిగ్రీలవరకు ఉంటుంది కాబట్టి ఈ హద్దు చాలదు. అందుకే రేడియేటరు మూతలో ఒక స్ప్రింగు, కవాటము పెట్టారు. సాధారణముగా ఇది చదరపు సెంటీమీటరుకు 1 కిలోగ్రాము అదనపు పీడనము వరకు నీటిని బిగించి ఉంచుతుంది. మన వంటింటి ప్రెషర్ కుక్కరు బరువు నిలిపే పీడనము కూడ దాదాపు ఇంతే. ఆ పీడనములో నీరు 119 డిగ్రీల వరకు మరగదు. స్ప్రింగు సడలి మూడవ వంతు పీడనమే నిలిపే మూత అయితే 106 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. కొన్నిసార్లు రేడియేటరు మంచిదే అయి ఉండి, కొద్దిపాటి డబ్బుకు దొరికే మూత చెడిపోయి ఉంటుంది. ముందుగా దానిని చూడాలి.

కుక్కరు ఈల వేస్తూ ఉండగా మూత తీయరాదని ఇంట్లో చిన్నపిల్లలకు కూడ తెలుసు. రేడియేటరు మూత విషయములో మాత్రము పెద్దలే మరిచిపోతారు. లోపల 115 డిగ్రీల నీరు ఉన్నదనుకొనండి. మూత తీయగానే పీడనము పడిపోయి, అది 98 డిగ్రీలకు దిగవలసి వస్తుంది. ఆ 17 డిగ్రీల మిగులు వేడి ఎక్కడికి పోవాలి? కిలోగ్రాము నీటికి 17 ను 4.2 తో హెచ్చిస్తే 71 కిలోజౌళ్ళు. నీటి బాష్పీభవన గుప్తోష్ణము కిలోగ్రాముకు సుమారు 2,260 కిలోజౌళ్ళు. కాబట్టి ప్రతి కిలోగ్రాములో 31 గ్రాముల నీరు ఆ క్షణములో ఆవిరి అయిపోతుంది. 31 గ్రాములంటే రెండు చెంచాల నీరే. కాని ఆవిరిగా అది 50 లీటర్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఎనిమిది లీటర్ల నీటి నుంచి 400 లీటర్లకు మించిన ఆవిరి, తనతోపాటు మరుగుతున్న నీటిని కూడ ఎగజిమ్ముతూ, అరచేయంత రంధ్రము గుండా బయటికి వస్తుంది. పైన గుడ్డ కప్పి తిప్పితే చాలునని కొందరంటారు. చాలదు. ఇంజను ఆపి, పై గొట్టాన్ని చేతితో పట్టుకొని నొక్కగలిగినంతగా చల్లబడేవరకు ఆగాలి. దీనికి అరగంట పట్టవచ్చును, గంట కూడ పట్టవచ్చును. మండుతున్న ఇంజనులో ఒక్కసారిగా చన్నీళ్ళు పోసినా నష్టమే. ఒకవైపు సంకోచించి, మరొకవైపు సంకోచించక, సిలిండరు హెడ్డు పగులుతుంది.

ఇప్పుడు నీటి విషయానికి వద్దాము. ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కళాశాల భవనాన్ని 1939లో ప్రారంభించారు. అది మన ప్రాంతపు గ్రానైటు రాతి కట్టడము. ఆ రాయే తార్నాక, హబ్సీగూడ ప్రాంతాల ఇండ్ల కింద కూడ ఉన్నది. బోరుబావి నీరు ఈ రాతి పగుళ్ళలో ఏండ్ల తరబడి నిలిచి, రాతిలోని ఖనిజాల నుంచి కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకొంటుంది. ఈ ప్రాంతపు బోరు నీటితో సబ్బు సరిగా నురగకపోవడానికి, గీజరు కడ్డీకి తెల్లని పెచ్చు కట్టడానికి ఇదే కారణము. నీటిలోని కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి, బొగ్గుపులుసు గాలిని వదిలి, కరగని కాల్షియం కార్బొనేటుగా గోడలకు అంటుకొంటుంది. ఈ సున్నపు పొర ఉష్ణవహనములో చాలా పేద. అల్యూమినియముతో పోల్చితే దాని వాహకత నూరవ వంతు కూడ ఉండదు. ఒక మిల్లీమీటరు పెచ్చు, పది సెంటీమీటర్ల మందము గల అల్యూమినియం గోడ అడ్డు నిలిచినట్లే. నాళము సందు ఒకటి రెండు మిల్లీమీటర్లే కాబట్టి నీటి దారికూడ మూసుకొని పోతుంది.

ఇక్కడ ఒక సందేహము కలగవచ్చు. లీటరుకు 400 మిల్లీగ్రాముల కాఠిన్యము గల నీటిని ఎనిమిది లీటర్లు ఒకసారి పోస్తే, అందులో ఉన్న సున్నము 3.2 గ్రాములే కదా, అంత కొంచెముతో ఏమవుతుంది? నిజమే, ఒకసారి పోసి మూసివేస్తే పెద్దగా ఏమీ కాదు. కాని ఎక్కడో ఒక సన్నని కారు ఉండి, రోజుకు ఒక లీటరు చొప్పున పోస్తూ వచ్చిన బండిలో ఏడాదికి 146 గ్రాములు చేరుతుంది. ఆవిరిగా పోయేది శుద్ధమైన నీరు. లవణము అంతా లోపలనే మిగులుతుంది. కనుక రేడియేటరును చెరిచేది ఒక్కనాటి చెడ్డ నీరు కాదు. చిన్న కారును బాగుచేయించక రోజూ నీళ్ళు పోసుకొంటూ పోయే అలవాటు. సున్నము ఒక్కటే కాదు, బోరు నీటిలోని క్లోరైడులు, కొత్త నీటితో వచ్చే ప్రాణవాయువు కలిసి అల్యూమినియం గోడకు సూదిమొనలంత చిల్లులు పెడతవి.

పూర్వము ఈ బాధకు మరమ్మతు ఉండేది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో పని ప్రారంభించిన కాలములో రేడియేటర్లను రాగి, ఇత్తడితో చేసేవారు. చిల్లు పడితే బిందెకు మాటు వేసినట్లే టంకముతో అతికేవారు. పూడిపోతే పై తొట్టి ఊడదీసి, నాళాలలో సన్నని కడ్డీ దోపి శుభ్రము చేసేవారు. నేటి రేడియేటర్లలో నడిమి భాగము అల్యూమినియము, పై తొట్టి, కింది తొట్టి గాజు నార కలిపిన నైలాను. రాగికంటె అల్యూమినియం వాహకత తక్కువే. కాని దాని సాంద్రత రాగిలో మూడవ వంతుకూడ లేదు, ధర తక్కువ. గోడ పలుచగా ఉన్నప్పుడు వాహకతలోని భేదము అంతగా లెక్కకు రాదు, గాలి పక్కన తలము ఎంత ఉన్నదన్నదే ముఖ్యము. చిక్కు ఎక్కడంటే, ఏండ్ల తరబడి వేడిలో ఉన్న నైలాను పెళుసెక్కి, లోహముతో కలిసే అంచు దగ్గర వెంట్రుకవాసి పగులు ఇస్తుంది. దానికి టంకము అంటదు. జిగురు పూస్తే పీడనానికి నిలువదు. దారిలో చిక్కుపడ్డ డ్రైవర్లు చిటికెడు పసుపు పొడి వేసి కారును ఆపుకొనే ఉపాయము మన దేశములో ఉన్నది. ఇల్లు చేరడానికి అది పనికి వస్తుంది కాని, చిల్లును మూసిన పసుపే నాళాలను కూడ మూస్తుంది. కాబట్టి మార్చడమే దారి.

అయితే మార్చడానికి ముందు, పోయినది రేడియేటరేనా అని తేల్చుకొనాలి. చల్లని ఇంజనుకు మూత తీసి ఇంజను వేస్తే నీటిలో ఆగకుండా బుడగలు వస్తున్నవా? ఇంజను నూనె పాలు కలిసినట్లు తెల్లబడినదా? అయితే సిలిండరు గాస్కెట్టు పోయినదన్నమాట, రేడియేటరు మార్చినా ఫలితము లేదు. నీళ్ళ పంపు ఇరుసు దగ్గర తడి, ఫ్యాను బెల్టు సడలడము, ఫ్యాను తిరగకపోవడము కూడ ఇటువంటి లక్షణాలనే చూపుతవి. రేడియేటరు ముఖము మీద ఎండిన మరక, నైలాను అంచు వెంబడి రంగు చార, లేదా వేడి ఇంజనులో రేడియేటరు ఒక భాగము మాత్రము చల్లగా ఉండడము, ఇవి దాని జబ్బుకు గుర్తులు.

పనికి పూనుకొన్నప్పుడు బండిని చదునైన చోట నిలిపి, రాత్రి అంతా చల్లారనిచ్చి ఉదయము మొదలుపెట్టడము మంచిది. బ్యాటరీ రుణధ్రువపు తీగ విప్పాలి. విద్యుత్తుతో తిరిగే ఫ్యాను ఇంజను ఆగి ఉన్నా హఠాత్తుగా తిరగవచ్చును, వేళ్ళు పోతవి. రేడియేటరు అడుగు కుళాయి కింద వెడల్పైన బేసిను పెట్టి, మూత తీసి, పాత ద్రవమంతా దించాలి. తరువాత పై గొట్టము, కింది గొట్టము, మిగులు నీటి డబ్బాకు పోయే సన్న గొట్టము విప్పాలి. క్లిప్పు సడలించాక గొట్టము ఊడి రాకపోతే లాగరాదు, మెలితిప్పి కదిలించాలి. గట్టిగా లాగితే నైలాను మెడ విరుగుతుంది. ఆటోమేటిక్ గేరు బండిలో గేరు నూనెను చల్లబరచే రెండు గొట్టాలు కూడ కొన్నింటికి రేడియేటరు తొట్టిలోనే ఉంటవి. వాటిని విప్పగానే కొనలు మూయాలి. ఫ్యాను చుట్టూ ఉన్న ప్లాస్టిక్కు గూడు విప్పి వెనుకకు జరిపితే, రేడియేటరును పట్టి ఉంచే బోల్టులు అందుతవి. ముందున్న ఏ.సి. జాలకాన్ని నిలుపుకొని, దాని గొట్టాలను ముట్టకుండా రేడియేటరును పైకి ఎత్తాలి. ఆ గొట్టాలలో వాయువు అధిక పీడనముతో ఉంటుంది, వాటిని విప్పడము ఏ.సి. పనివారి వంతు.

పాతది బయటికి వచ్చాక వెంటనే కొత్తది దించే తొందర పనికిరాదు. ఏ.సి. జాలకము ముఖానికి అంటిన పురుగులు, దుమ్ము, ఎండుటాకులు ఇప్పుడే కడుక్కోవాలి. ఇంజను లోపల కూడ శుభ్రమైన నీరు పారించి తుప్పు, పెచ్చులు పోయేంతవరకు కడగాలి. లేకపోతే ఇంజనులో మిగిలిన ఆ చెత్తే కొత్త రేడియేటరు నాళాలలోకి కొట్టుకొని వచ్చి కూర్చుంటుంది. కొత్తది వేసిన కొద్దిరోజులకే మళ్ళీ వేడెక్కుతున్నదనే ఫిర్యాదులకు ఇది ఒక ముఖ్య కారణము. పాత రేడియేటరు కిందనున్న రబ్బరు దిమ్మలను, పక్కలనున్న స్పంజి పట్టీలను కొత్తదానికి మార్చడము చాలామంది విడిచిపెడతారు. దిమ్మలు లేకపోతే అదురుకు తొట్టి పగులుతుంది. పట్టీలు లేకపోతే గాలి రేకుల మధ్యగా పోక, పక్క సందులగుండా పోతుంది. నీటివలెనే గాలి కూడ సులభమైన దారినే వెతుక్కొంటుంది కదా. ఫ్యాను గూడు బోల్టులు రెండు మిగిలిపోయినా ఫరవాలేదనే మెకానిక్కు, తార్నాకలో బండి ఆగినప్పుడు ఆ మాట అనడు.

థర్మోస్టాటును గురించి ఒక మాట చెప్పాలి. ఇంజను నుంచి నీరు బయలుదేరే చోట ఒక చిన్న లోహపు గిన్నెలో మైనము పెట్టి ఉంటుంది. సుమారు 82 నుంచి 88 డిగ్రీల మధ్య ఈ మైనము కరిగి, వ్యాకోచించి, ఒక కడ్డీని నెట్టి ద్వారము తెరుస్తుంది. అంతవరకు నీరు ఇంజనులోనే తిరిగి త్వరగా వేడెక్కుతుంది. మంచుగడ్డ కరిగితే ఘనపరిమాణము తగ్గుతుంది. మైనము కరిగితే పెరుగుతుంది. ఈ భేదాన్ని తరగతిలో చెప్పేటప్పుడు థర్మోస్టాటు మంచి ఉదాహరణ. మనది వేడి దేశము, ఇది అక్కరలేదని దీనిని తీసి పారవేసేవారున్నారు. అది పొరపాటు. చల్లని ఇంజను ఎక్కువ డీజిలు తాగి త్వరగా అరుగుతుంది. అంతేకాక కొన్ని ఇంజనులలో థర్మోస్టాటు తెరుచుకొన్నప్పుడే పక్కదారి మూసుకొంటుంది. దానిని తీసివేస్తే కొంత నీరు రేడియేటరు ముఖము చూడకుండానే ఇంజనుకు తిరిగివచ్చి, వేడి తగ్గడానికి బదులు పెరుగుతుంది.

నింపవలసిన ద్రవము స్వేదనజలము, ఇథిలీన్ గ్లైకాల్ సమభాగాలుగా కలిసిన కూలెంటు. నీరు గడ్డకట్టని హైదరాబాదులో ఇది ఎందుకని కొందరు అడుగుతారు. మనకు కావలసినది దానిలో కలిపిన తుప్పు నిరోధకాలు; గ్లైకాల్ వల్ల మరుగు ఉష్ణోగ్రత ఏడెనిమిది డిగ్రీలు పెరగడము రెండవ లాభము. అలాగని నీరు లేకుండా గ్లైకాల్ ఒక్కటే పోయరాదు. దాని విశిష్టోష్ణము నీటికంటె తక్కువ, చిక్కదనము ఎక్కువ, కనుక వేడిని మోయడములో నీటికి సాటి రాదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలము రంగులు కంపెనీవారు కలిపిన అద్దకము మాత్రమే. రంగు ఒకటైనంత మాత్రాన రెండు రకాలు కలపవచ్చునని కాదు. నిరోధకాలు పొసగక జిగట గడ్డలు కట్టవచ్చును.

నింపేటప్పుడు శత్రువు గాలి. ఇంజను మెలికలలో గాలి చిక్కుకొంటే అక్కడికి నీరు చేరదు, ఆ చోటు మండిపోతుంది. ఉష్ణోగ్రతను చూపే సాధనపు మొన నీటిలో లేక గాలిబుడగలో ఉంటే, ఇంజను ఉడుకుతున్నా ముల్లు కదలదు. అందుచేత మెల్లగా, సన్నని ధారగా పోయాలి. గాలి వదిలే మర ఉంటే దానిని సడలించి, అక్కడ బుడగలు లేని ద్రవము వచ్చేవరకు ఆగాలి. పై గొట్టాన్ని మధ్యమధ్య పిసకాలి. లోపలి హీటరును పూర్తి వేడికి తిప్పి, ఇంజనును మెల్లగా నడవనివ్వాలి. పది పదిహేను నిమిషాలకు థర్మోస్టాటు తెరుచుకొంటుంది. చల్లగా ఉన్న పై గొట్టము ఒక్కసారిగా వేడెక్కుతుంది, మట్టము తగ్గుతుంది. మళ్ళీ నింపి మూత బిగించాలి. 30 నుంచి 90 డిగ్రీలకు పోయేసరికి ఎనిమిది లీటర్లు సుమారు పావు లీటరు మేర వ్యాకోచిస్తుంది. ఆ మిగులు పక్క డబ్బాలోకి పోయి, చల్లారినప్పుడు మూతలోని రెండవ కవాటము గుండా వెనక్కు వస్తుంది. ఆ కవాటము పట్టుకొనిపోతే లోపల శూన్యము ఏర్పడి, తెల్లవారేసరికి గొట్టము బయటి గాలి ఒత్తిడికి చప్పిడిగా అణగి ఉంటుంది. మర్నాడు ఉదయము చల్లని ఇంజనులో మట్టము ఇంకొకసారి చూడాలి. వారము రోజులు ఇలా చూచినా మట్టము దిగకపోతే పని సరిగా జరిగినట్లు.

బేసినులో దించిన పాత కూలెంటును మురుగుకాలువలో పోయరాదు, చెట్ల మొదట్లో పోయరాదు. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. వీధికుక్కలు నాకుతవి, చిన్నపిల్లలు రుచి చూడవచ్చును. కాలేయములో అది ఆక్సాలికామ్లముగా మారి, కాల్షియముతో కలిసి మూత్రపిండాలలో స్ఫటికాలు కడుతుంది. కొద్ది మోతాదే ప్రాణాంతకము. తాగునీటి సీసాలలో గాని, పానీయాల సీసాలలో గాని దీనిని ఎంతమాత్రము నిలువ చేయకూడదు. పేరు రాసిన మూత గట్టి డబ్బాలో పోసి, పాత నూనెను తీసుకొనే సర్వీసు కేంద్రానికి ఇవ్వాలి. ఎవరైనా పొరపాటున తాగితే వాంతి చేయించే ప్రయత్నాలతో కాలము గడపక ఆసుపత్రికి తీసికొనిపోవాలి. దీనికి విరుగుడు మందులున్నవి గాని, అవి త్వరగా పడితేనే పని చేస్తవి.

ఉపాధ్యాయులు ఈ విషయాలను బండి లేకుండానే తరగతిలో చూపవచ్చును. ఒకే పరిమాణము గల మూడు డబ్బాలు తీసికొని, ఒకదానికి బయట మసి పూసి, మూడింటిలోను 80 డిగ్రీల నీరు సమానముగా పోయాలి. మసి పూసినదానిని, పూయనిదానిని ఒకదానిని గాలి కదలని మూల ఉంచి, మూడవ డబ్బాను టేబుల్ ఫ్యాను ముందు పెట్టి, రెండు నిమిషాలకొకసారి ఉష్ణోగ్రత గుర్తించి గ్రాఫు గీయించాలి. నల్లని డబ్బా మెరిసేదానికంటె కొంచెము ముందు చల్లబడుతుంది. ఫ్యాను ముందున్నది రెండింటినీ మించిపోతుంది. రేడియేటరు పేరును గురించి పైన చెప్పినది ఆ మూడు గీతలలో కనిపిస్తుంది.

రెండవ ప్రయోగము సబ్బుతో. స్వేదనజలము, బోరు నీరు, మరిగించి వడకట్టిన బోరు నీరు మూడు పరీక్షనాళికలలో సమానముగా పోసి, సబ్బు నీటిని చుక్క చుక్కగా వేస్తూ కుదిపి, నిలిచే నురుగు రావడానికి ఎన్ని చుక్కలు పట్టినవో లెక్కించాలి. మరిగించిన నీటికి పచ్చి బోరు నీటికంటె తక్కువ చుక్కలు చాలును, తాత్కాలిక కాఠిన్యము పోయినది గనుక. ఐనా స్వేదనజలముకంటె ఎక్కువ చుక్కలే పట్టినట్లయితే, మిగిలినది సల్ఫేటులు, క్లోరైడుల వల్ల వచ్చిన శాశ్వత కాఠిన్యము. మరగకాచిన నీళ్ళు రేడియేటరుకు పనికి రావా అని అడిగే విద్యార్థికి ఆ మూడవ పరీక్షనాళికను చూపితే సరిపోతుంది.